పొలములో, కల్లములో పాముకాటు: ముందు జాగ్రత్తలు, వెంటనే చేయవలసిన పనులు

గుంటూరు, ప్రకాశం మైదానములలో ప్రత్తి, మిరప సాగుచేయు రైతునకు తన పంటకు వచ్చు చీడపీడలన్నియు తెలియును. మిరపకు ఆకుముడత వచ్చినచో ఏమి చేయవలెనో, ప్రత్తికాయలో గులాబిరంగు పురుగు చేరినచో ఎంత నష్టమో అతడు లెక్కకట్టి చెప్పగలడు. పంటను కాపాడుకొనుటకు ఇంత శ్రద్ధ వహించు రైతు, అదే చేనిలో నడచు తన కాళ్లను, కలుపు తీయు కూలీల చేతులను కాపాడుటకు చేయుచున్న ఏర్పాటు మాత్రము చాల తక్కువ. పాముకాటు అనగానే తలవ్రాత అని ఊరకుండుట మనకు అలవాటయినది. నిజమునకు ఇది ట్రాక్టరు తిరగబడుట, పురుగుమందు ఒంటికి తగులుట వంటి పనిలో జరుగు ప్రమాదమే. చాలవరకు దీనిని తప్పించుకొనవచ్చును. ఒకవేళ కాటు పడినను, ఆలస్యము లేకుండ వైద్యశాల చేరినచో ప్రాణము దక్కించుకొనవచ్చును. ఎట్లో ఈ వ్యాసములో తెలిసికొందము.

ఎంత నష్టము జరుగుచున్నది?

మన దేశములో 2001 నుండి 2003 వరకు జరిగిన మరణములను గురించి ఇంటింటికి పోయి విచారించిన ఒక పెద్ద పరిశోధన కలదు. దాని ప్రకారము 2005 వ సంవత్సరములో పాముకాటువలన మరణించినవారు దేశము మొత్తముమీద సుమారు 46 వేల మంది. అందులో ఉత్తర ప్రదేశ్ 8,700 మరణములతో మొదటి స్థానములో నుండగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 6,200 మరణములతో రెండవ స్థానములో నుండెను. మరణించిన ప్రతి నూరుగురిలో 97 మంది పల్లెవాసులు. 2020 లో వెలువడిన మరియొక పరిశోధన, 2000 నుండి 2019 వరకు 20 సంవత్సరములలో సుమారు 12 లక్షల మంది, అనగా సగటున ఏటా 58 వేల మంది పాముకాటుతో చనిపోయిరని తేల్చినది. వారిలో దాదాపు సగముమంది 30 మొదలు 69 ఏండ్ల లోపువారు, అనగా ఇల్లు నడుపువారు. నాలుగవ వంతుకు పైగా 15 ఏండ్ల లోపు పిల్లలు.

ఈ అంకెలలో మనము ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి కలదు. మొదట చెప్పిన పరిశోధనలో, మరణించిన నూరుగురిలో వైద్యశాలలో కన్నుమూసినవారు 23 మంది మాత్రమే. తక్కిన 77 మంది వైద్యశాల వెలుపలనే ప్రాణములు విడిచిరి. ఈ నాలుగు విషసర్పములకు విరుగుడు మందు మన దేశములోనే తయారగుచున్నది. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా ఇచ్చుచున్నారు. మందు ఒకచోట, మనిషి ఒకచోట ఉండుటవలన జరుగుచున్న నష్టమే ఇందులో పెద్దది. ఈ దూరమును తగ్గించుట రైతు చేతిలోను, ఊరి ఉద్యోగుల చేతిలోను ఉన్నది.

పాము మన చేనికి ఎందుకు వచ్చును?

2022 లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుగా ఏర్పడినను, ఈ మైదానములో చాలభాగము నల్లరేగడియే. వేసవిలో నల్లరేగడి ఎండి నెఱ్ఱెలు విచ్చును. గట్లమీద ఎలుకలు బొరియలు త్రవ్వును. నెఱ్ఱెలు, బొరియలు పాములకు నీడయిచ్చును, ఎలుకలు ఆహారమగును. ఎలుక ఉన్నచోటికి పాము వచ్చుట సహజము.

తొలకరి పడగానే నెఱ్ఱెలు పూడిపోవును, బొరియలలో నీరు చేరును. లోపల నున్న పాము గట్టుమీదికి, దిబ్బమీదికి, ఇంటి అరుగు క్రిందికి వచ్చును. సరిగా ఆ రోజులలోనే రైతు విత్తుటకు, కూలీలు కలుపునకు చేనిలో దిగుదురు. పాముకాటు మరణములు జూన్ నుండి సెప్టెంబరు వరకు హెచ్చుగా నుండుటకు ఇదియే కారణము. మనకు పొరుగున కృష్ణానది ముఖద్వారమునందలి దివిసీమలో 2018 ఆగస్టులో నెలదినముల వ్యవధిలో వందమందికి పైగా పాముకాటునకు గురియై అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. అది వరిసీమ, మనది మెట్టపంటల సీమ. అయినను వాననీరు బొరియలో చేరినపుడు పాము చేయు పని రెండుచోట్ల ఒక్కటే. మనము కాలువనీరు గాని బోరునీరు గాని చాలులో పారించునపుడు కూడ ఇట్లే జరుగును. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967 లో నీరు విడిచినప్పటినుండి ఈ ప్రాంతములో నీటి పారకము పెరిగినది. రాత్రివేళ చేలో తిరుగు పనియు దానితో పెరిగినది.

పాము మనిషిని వెంటాడి కరవదు. త్రొక్కినపుడు, చేయి తగిలినపుడు, తప్పించుకొనుటకు దారిలేనపుడు మాత్రమే కరచును. కన్ను చూడని చోట కాలుగాని చేయిగాని పెట్టకుండుటయే నివారణలో మొదటి సూత్రము. ఇక చెప్పబోవు జాగ్రత్తలన్నియు ఈ ఒక్క సూత్రమునుండి వచ్చినవే.

గుర్తింపవలసిన నాలుగు పాములు

నాగుపాము: దీనినే త్రాచు అందురు. పడగ విప్పునపుడు ఎవరైనను గుర్తింతురు. పడగ విప్పనపుడు జెర్రిపోతువలె కనబడి మోసగించును.

కట్లపాము: నల్లగా నిగనిగలాడుచు, సన్నని తెల్లని కట్లు కలిగియుండును. పగలు మందముగా దాగియుండి రాత్రులు తిరుగును. నేలపై పరుండినవారిని కరచునది ముఖ్యముగా ఇదియే. కాటు చీమ కుట్టినంతగా కూడ తెలియక పోవచ్చును.

రక్తపింజర: బూడిద కలిసిన గోధుమరంగు దేహముమీద గొలుసువలె మూడు వరుసల నల్లని అండాకారపు మచ్చలుండును. తల వెడల్పు, దేహము లావు. కుక్కరు ఈల వేసినట్లు పెద్దగా బుసకొట్టును. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. పిల్లపాముకును విషముండును. ప్రత్తిచేనిలో రాలిన ఎండుటాకుల నడుమ ఇది కదలక పడియున్నచో కంటికి ఆనుట కష్టము. ఈ పాముతో తెలుగువారికి పాత పరిచయమే. విశాఖపట్టణములో ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమండల్ తీరపు పాములమీద 1796 లో ప్రచురించిన గ్రంథములో దీనికి మనవారు పిలుచు "కాటుకరేకుల పొడ" అను పేరునే వ్రాసియుంచెను. ప్రపంచమంతట నేడు దీనిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు.

చిన్నపింజర: అడుగు, రెండడుగుల పొడవుండు చిన్న పాము. రాతినేలలు, తుప్పలు గల మెట్టలలో నుండును. ప్రక్కలనున్న పొలుసులను ఒరయించి రంపము కోసినట్లు చప్పుడు చేయును. చిన్నదని చులకన చేయరాదు.

జెర్రిపోతు, నీరుకట్టు మున్నగు పాములకు మనిషిని చంపగల విషము లేదు. ఒక జెర్రిపోతు చేనిలో నున్నచో ఎలుకలమందు ఖర్చు కొంత తగ్గినట్లే. పాములను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమను సంగతియు గుర్తుంచుకొనవలెను. పైగా, పామును చంపబోయి కాటు తిన్నవారెందరో కలరు. పాము కనబడినపుడు దూరముగా తొలగి, అది పోవుటకు దారి విడువవలెను.

పనిపనికి తగిన జాగ్రత్తలు

దుక్కి, విత్తనము: తొలకరికి ముందే గట్లమీది తుప్పలు, గతయేటి ప్రత్తికట్టె కుప్పలు తొలగింపవలెను. బొరియలున్నచోట వ్యవసాయ సహాయకుని సలహాతో ఊరంతయు ఒకేసారి ఎలుకల నివారణ చేయవలెను. ఒక్క చేనిలో చేసిన ప్రయోజనము లేదు. ఎలుక గట్టు దాటి ప్రక్క చేనికి పోయి మరల వచ్చును.

కలుపుతీత, గడ్డికోత: ఆగస్టు, సెప్టెంబరు నాటికి ప్రత్తిచేలు క్రమ్ముకొని సాలు కనబడదు. కూలీలు సాలులో కూర్చుండకముందు ఒకరు పొడవైన కర్రతో మొక్కల మొదళ్లు తట్టుచు ముందు నడువవలెను. పాము నేల అదురును బాగుగా కనిపెట్టును. తొలగిపోవుటకు దానికి వ్యవధి దొరకును. కోసిన గడ్డిమోపును చంకన పెట్టుకొనుటకు ముందు కర్రతో కదలించి చూడవలెను. చంటిబిడ్డను గట్టుమీద గాని చాలులో గాని పరుండబెట్టరాదు. ఉయ్యాల ఎత్తుగా కట్టవలెను.

రాత్రివేళ నీరు పెట్టుట: బ్యాటరీ లైటు, చేతికర్ర, కాలికి బూట్లు లేనిదే మోటారువద్దకు పోరాదు. స్టార్టరు పెట్టె తెరచునపుడు, మడవకు మట్టి తీయునపుడు, పైపుల కొనలు పట్టుకొనునపుడు ముందు వెలుతురు వేసి చూచి తరువాత చేయి పెట్టవలెను. సెల్ ఫోను వెలుతురు అడుగు దూరమే పడును. నడకకు అది చాలదు.

బూట్లను గురించి రైతులు చెప్పు అభ్యంతరము న్యాయమైనదే. నల్లరేగడి బురదలో బూటు కూరుకొనిపోవును, ఎండలో కాలు ఉడికిపోవును, కూలి మనిషికి కొనుట భారము. కావున రోజంతయు తొడుగుమని మేము చెప్పుట లేదు. మునిమాపు, రాత్రి, తెల్లవారుజాము నడకకును, గడ్డికోతకును, నీరు పెట్టుటకును తప్పక తొడుగవలెను. పాముకాట్లలో హెచ్చుభాగము పాదముమీదను, పిక్కకు దిగువను పడునవే. రైతే రెండు జతల రబ్బరు బూట్లు కొని మోటారుకొట్టములో వ్రేలాడగట్టి యుంచినచో, ఆ రాత్రి ఎవరు నీరు పెట్టవచ్చినను వాడుకొందురు. తొడుగుటకు ముందు తలక్రిందులు చేసి దులుపవలెను.

ప్రత్తితీత: అక్టోబరు మొదలు జనవరి వరకు తీత సాగును. తీసిన ప్రత్తిని ఇంటిలో కుప్పపోసి దానిప్రక్కన నేలపై నిద్రించుట చాల ఇండ్లలో కలదు. ఇది మానవలెను. కుప్పవెచ్చనకు ఎలుకలు చేరును, వాటివెనుక కట్లపాము వచ్చును. వంటచెరకు కొరకు తెచ్చిన ప్రత్తికట్టెను ఇంటిగోడకు ఆనించక, దూరముగా, నేలకు కొంత ఎత్తున పేర్చవలెను. పుల్ల లాగుటకు ముందు కర్రతో తట్టవలెను. గడ్డివామి, పిడకలగూడు విషయములోను ఇంతే. నాగులచవితి ఈ తీతకాలములోనే వచ్చును. పుట్టలో పాలు పోయువారు చేయి కన్నమువరకు చాపరాదు, పిల్లలను పుట్టమీదికి ఎక్కనీయరాదు.

మిరప కల్లము: ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు మన ప్రాంతమున కల్లములు ఎఱ్ఱగా పరచుకొనియుండును. దొంగలకు, వానమబ్బుకు వెరచి రైతు రాత్రులు కల్లముననే నిద్రించును. కల్లములో అన్నము తిని మెతుకులు అక్కడనే పారవేసినచో ఎలుకలు వచ్చును. కాయలమీద కప్పిన పట్టాల క్రింద వెచ్చగా నుండును. ఉదయమున పట్టా తీయునపుడు అంచును చేతితో పట్టి లాగక, మొదట కర్రతో ఎత్తి చూడవలెను. కాయలు టిక్కీలకు ఎత్తునపుడు క్రింది సంచులను కదలించి మరీ పట్టుకొనవలెను.

కల్లము కావలికి పోవువాడు తనతో తప్పక తీసికొనిపోవలసినవి మూడు: మంచము, దోమతెర, బ్యాటరీ లైటు. దోమతెర అంచులను పరుపు లేక బొంత క్రిందికి నలువైపుల దోపవలెను. నేలపై పరుండక తప్పనపుడు కూడ దోమతెర దోపుకొని పరుండినచో రక్షణ కలుగును. నేపాలు తరాయి పల్లెలలో జరిగిన పరిశీలనలో దోమతెరలో నిద్రించువారికి పాముకాటు ముప్పు చాల తక్కువగా నున్నట్లు కనుగొనిరి. దోమలకని కొన్న తెర పాముకును అడ్డమగును.

వలస కూలీల విషయము

మిరపకోతలకు, ప్రత్తితీతలకు కర్నూలు మున్నగు ప్రాంతములనుండి కూలీలు పిల్లాపాపలతో ప్రతియేట మన ఊళ్లకు వచ్చుచున్నారు. వారు గట్లప్రక్క పట్టాల గుడిసెలలో, వట్టినేలపై నిద్రింతురు. వారికి మన ఊరి దారులు తెలియవు, ఆసుపత్రి ఎచ్చట నున్నదో తెలియదు, అర్ధరాత్రి తలుపు తట్టుటకు ఎరిగిన ఇల్లు ఉండదు. మనవారిలో ఎవరికైనను కాటు పడినచో పదిమంది పరుగెత్తుదురు. వారికి కాటు పడినచో తెల్లవారునంతవరకు ఎదురుచూతురు. వారిని పిలిపించుకొనిన రైతు, దిగిన మొదటి దినముననే గుడిసెకు చదునైన శుభ్రమైన తావు, ఒక దీపము, దోమతెరలు సమకూర్చవలెను. తన ఫోను నంబరును, 108 ను చెప్పి, ఏ వేళనైనను పిలువుడని ధైర్యమీయవలెను. కూలి ముట్టజెప్పుట ఎట్టి బాధ్యతయో ఇదియు అట్టిదే.

కాటు పడిన వెంటనే

కాటు పడినపుడు ప్రక్కవారు ఈ వరుసలో పనిచేయవలెను.

1. పామునుండి దూరముగా తీసికొనిపోయి కూర్చుండబెట్టవలెను లేక పరుండబెట్టవలెను. పరుగెత్తనీయరాదు, నడిపింపరాదు. కదలిక ఎక్కువైనచో విషము త్వరగా వ్యాపించును. మందు ఉన్నదని చెప్పి ధైర్యము కలిగింపవలెను.

2. ఉంగరములు, గాజులు, పట్టీలు, కాలిమట్టెలు, బిగుతు దుస్తులు వెంటనే తీసివేయవలెను. వాపు వచ్చిన తరువాత అవి రావు.

3. విరిగిన ఎముకకు కట్టినట్లు, కాటుపడిన కాలికిగాని చేతికిగాని కర్రబద్ద ఆనించి గుడ్డతో వదులుగా కట్టి కదలకుండ చేయవలెను.

4. 108 కు ఫోను చేయవలెను. అంబులెన్సు ఆలస్యమగునని తోచినచో దొరికిన బండిలో బయలుదేరవలెను. ఏ ఆసుపత్రిలో మందు ఉన్నదో దారిలోనే ఫోనుచేసి తెలిసికొనవలెను. వాంతి వచ్చుచున్నచో రోగిని ఎడమప్రక్కకు ఒత్తిగిలబెట్టవలెను.

5. కాటుపడిన వేళను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను.

చేయకూడని పనులు కూడ అంతే ముఖ్యము. త్రాడుతో బిగించి కట్టరాదు. రక్తము ఆడక కాలు చచ్చి తీసివేయవలసి వచ్చిన సందర్భములు కలవు. ఎవరైనను అప్పటికే బిగించి కట్టియున్నచో దారిలో ఒక్కసారిగా విప్పక, వైద్యుని ఎదుటనే విప్పింపవలెను. గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరు, సున్నము పూయరాదు. సారా త్రాగింపరాదు. పామును పట్టి తెచ్చుటకై కాలము వృథా చేయరాదు. మన దేశములో ఇచ్చు విరుగుడు పైన చెప్పిన నాలుగు పాముల విషమునకును పనిచేయు ఒకే మందు. దూరమునుండి సెల్ ఫోనులో బొమ్మ తీయగలిగినచో చాలును. చచ్చిన పాము తలయు కొంతసేపటివరకు కరవగలదు, చేతితో ముట్టరాదు.

మన ఊళ్లలో వేపాకు గాని మిరపకాయ గాని నమిలించి, చేదు, కారము తెలిసినచో విషమెక్కలేదని నిర్ణయించు అలవాటు ఉన్నది. ఇది మిక్కిలి అపాయకరము. రక్తపింజర విషము రక్తమును, మూత్రపిండములను చెరచునేగాని నాలుక రుచిని చెరపదు. కారము బాగుగా తెలియుచునే మనిషి రక్తము గడ్డకట్టు గుణమును కోల్పోవుచుండును. గుంటూరు మిరపకాయ ఎంత ఘాటైనదైనను పాము విషమును పరీక్షింపలేదు.

కట్లపాము కాటును ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. రాత్రి బాగుగా పరుండిన మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచును. ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు. తిన్నది పడలేదనుకొని సోడా త్రాగించి పరుండబెట్టుదురు. కొంతసేపటికి కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, గుటక పడదు, పిమ్మట ఊపిరి తగ్గును. నేలపై పరుండి లేచినవానికి కడుపునొప్పితోపాటు రెప్పలు వాలుచున్నచో, గాటు కనబడకపోయినను పాముకాటనియే యెంచి బయలుదేరవలెను.

కరచిన పాములలో విషము లేనివి పెక్కు. విషపాము కూడ కొన్నిసార్లు విషము ఎక్కింపకయే కరచును. అట్టివారు మంత్రముతోనో, నల్లరాయితోనో బ్రతికినట్లు కనబడుదురు. ఆ పేరు విని నిజముగా విషమెక్కినవారు కూడ అక్కడికి పోయి విలువైన గంటలు పోగొట్టుకొనుచున్నారు. మంత్రముమీద నమ్మకమున్నవారు ఆసుపత్రికి పోవు దారిలో జపింపవచ్చును. దాని కొరకు ఆగరాదు.

ఆసుపత్రిలో ఏమి జరుగును?

విరుగుడు మందు ఎట్లు తయారగునో తెలిసినచో నమ్మకము కలుగును. చెన్నై సమీపమున ఇరుల గిరిజనులు 1978 లో స్థాపించుకొనిన సహకార సంఘమువారు పాములను పట్టి, విషము తీసి, మరల విడిచిపెట్టుదురు. ఆ విషమును బహు స్వల్ప మోతాదులలో గుర్రములకెక్కించగా వాటి రక్తములో విరుగుడు పుట్టును. దానిని శుద్ధిచేసి సీసాలలో నింపుదురు.

వైద్యుడు రోగి రక్తమును కొంచెము శుభ్రమైన పొడి గాజుగొట్టములో తీసి 20 నిమిషములు కదల్పక ఉంచును. గడ్డకట్టనిచో పింజర విషమెక్కినదని తెలియును. విష లక్షణములున్నచో సాధారణముగా 8 నుండి 10 సీసాల మందు మొదటి మోతాదుగా నరమునకెక్కింతురు. పిల్లలకును ఇంతే మోతాదు. పాము పిల్లవానికి తక్కువ విషము ఎక్కింపదుగదా! ఈ మందు కొందరికి పడక దద్దురు, ఆయాసము రావచ్చును. దానికి వెంటనే చికిత్స చేయగల వసతి ఉన్నచోటనే ఎక్కింపవలెను గాని ఇంటివద్ద ఎక్కింపరాదు. లక్షణములు లేకపోయినను 24 గంటలు ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుదురు. బాగుగానే యున్నదని మధ్యలో లేచిరారాదు. ఊపిరి తగ్గినవారికి యంత్రముతో శ్వాస కల్పింపవలసి వచ్చును. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి రక్తశుద్ధి అవసరమగును. అట్టివారిని గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలల వంటి పెద్ద ఆసుపత్రులకు పంపుదురు.

ఊరి ఉద్యోగులు, పెద్దలు చేయవలసినది

నేపాలు దేశపు దమక్ ప్రాంతములో పల్లెవాసులు చేసిన పని మనకు ఆదర్శము. అక్కడ మోటారు సైకిళ్లున్న యువకులు ముందుగా పేర్లు ఇచ్చిరి. కాటు పడినదని కబురందగానే రోగిని నడుపువానికి, వెనుక కూర్చున్నవానికి నడుమ ఆనించి కూర్చుండబెట్టుకొని, దారిలో ఎచ్చటను ఆగక చికిత్సా కేంద్రమునకు చేర్చిరి. దానితోపాటు ఊరూర పాముకాటును గురించి బోధించిరి. ఫలితముగా కాటుపడినవారిలో నూటికి 10 మందికి పైగా నుండిన మరణములు, నూటికి ఒకరికంటె తక్కువకు దిగెను. క్రొత్త మందు కనిపెట్టలేదు, క్రొత్త ఆసుపత్రి కట్టలేదు. దారిలో పోవు కాలమును తగ్గించిరి. మోటారు సైకిలు లేని వీధి మన ఊళ్లలోను లేదు.

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ సహాయకులు, ఆశా కార్యకర్తలు కలిసి తొలకరికి ముందొకసారి, కల్లముల కాలమునకు ముందొకసారి ఈ పనులు చేయవలెను. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విరుగుడు మందు నిల్వ ఉన్నదో లేదో, రాత్రివేళ ఏ ఆసుపత్రిలో వైద్యుడుండునో విచారింపవలెను. ఆ వివరములు, 108, బండి నడుపుటకు ఒప్పుకొనిన నలుగురు యువకుల నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాసి పంచాయతీ గోడమీద, బడిలో, పాలకేంద్రమువద్ద అంటింపవలెను. చదువురాని కూలీలకు నోటితో చెప్పవలెను.

కేంద్ర ఆరోగ్యశాఖ పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ప్రతి పాముకాటును, ప్రతి మరణమును తప్పక నమోదు చేయు ఏర్పాటు గావింపవలెనని అదే సంవత్సరము నవంబరులో రాష్ట్రములను కోరినది. నమోదయిన లెక్కనుబట్టియే మందు నిల్వలు వచ్చును. ఊరిలో జరిగిన కాటు లెక్కకెక్కనిచో ఆ ఊరికి మందు అవసరమని పైవారికి తెలియదు.

ఆసుపత్రి కాగితమునకు మరియొక ప్రయోజనము కలదు. 18 నుండి 70 ఏండ్ల లోపువారు బ్యాంకు ఖాతాద్వారా ఏడాదికి 20 రూపాయలు చెల్లించు ప్రధానమంత్రి సురక్షా బీమాలో, ప్రమాదవశాత్తు మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు లభించును. పాముకాటు విషయములో మరణకారణమును వెంటనే చూపు ఆసుపత్రి రికార్డు అవసరము. మంత్రగాని వాకిట కాగితము పుట్టదు.

రైతు సోదరులారా! చదివి ప్రక్కన పెట్టుటకు ఇది వ్రాయలేదు. ఈ సాయంత్రము చేనికి పోవుటకు ముందు మీ బ్యాటరీ లైటు వెలుగుచున్నదో లేదో చూడుడు. కావలి మంచమునకు దోమతెర ఉన్నదో లేదో చూడుడు. దగ్గరి ఆసుపత్రి నంబరును ఇంటిలోని వారందరి ఫోనులలోను ఎక్కించుడు. అక్షరము రాని మీ పాలికాపునకు, కూలి తల్లులకు ఇందలి విషయములు చదివి వినిపించుడు. మిరప ధర తగ్గినచో మరుసటి సంవత్సరము పెరుగును, ప్రత్తి ఒకయేడు పోయినచో మరియొకయేడు పండును. పోయిన ప్రాణము మాత్రము మరల రాదు.